గోడకు మిగిలిన మేకు

"తోకాడించారు! మా ఉప్పు తిని బతుకుతూ, దొంగ గడప తొక్కితే మొరగాల్సింది పోయి తోకాడించారు! నువ్వూ, మీ డిప్యూటీ, ఆ అద్దాల మేడలో చల్లగా కూర్చున్న ప్రతివాడూ! దాని వేళ్ళు తెంపింది షట్టరు కాదక్కా, మీరు!"

తమ్ముడు ఆ మాట పూర్తి చేసేలోగా ముందుగది కిటికీ భళ్ళున పగిలింది. పిడికెడంత రాయి దొర్లుకుంటూ వచ్చి టీవీ కింద ఆగింది. గాజుపెంకులు అమ్మ ఒళ్ళో రాలాయి. ఆవిడ లేవలేదు. దులుపుకోలేదు.

వీధి నిండా జనం. పొద్దున మార్కెట్ బ్రాంచి ముందు లాఠీదెబ్బలు తిన్నవాళ్ళే సగం మంది.

"ఇన్‌స్పెక్టరమ్మని బయటికి పంపండి!"

"రాకపోతే మేమే లోపలికొస్తాం! పిలుపులు మాకక్కర్లేదు!"

అక్క తలుపుకి వీపు ఆనించి నిలబడింది. కేంద్ర బ్యాంకులో ఆఫీసరు. మిగతా బ్యాంకులన్నిటినీ తనిఖీ చేసే విభాగం ఆమెది, డిప్యూటీ ఆమె పైఅధికారి. మెడలో గుర్తింపు కార్డు ఇంకా వేలాడుతూనే ఉంది. ఆ కార్డు చూపిస్తే ఏ బ్యాంకు తలుపైనా తెరుచుకోవాలి. ఇవాళ సొంతింటి తలుపు మూసి ఉంచడానికి ఆమె వీపు చాలడం లేదు.

తమ్ముడి చొక్కా ముందుభాగమంతా నెత్తురు ఎండి అట్టకట్టింది. అతను వెల్డరు. ఒంటిమీద కాలిన మచ్చలు ఎన్నో ఉన్నాయి కానీ ఆ నెత్తురు అతనిది కాదు. భార్యది.

"ఎలా ఉంది?" అంది అక్క.

"టైలరు కుడిచేతికి బొటనవేలొక్కటే మిగిలితే ఎలా ఉంటుంది? నువ్వే చెప్పు. పెద్ద చదువు చదివావు కదా."

"డాక్టరు ఏమన్నాడు?"

"వేళ్ళు తెచ్చారా అన్నాడు. తెచ్చుంటే కుట్టేవాణ్ణి అన్నాడు. ఎక్కడినుంచి తేవాలి? షట్టరు అవతలున్నాయవి. బ్యాంకు లోపలున్నాయి. మా డబ్బుతోపాటు అవీ లోపలే ఉండిపోయాయి!"

అమ్మ కళ్ళు మూసుకుంది.

పొద్దున జరిగింది ఇదీ. పట్టణ బ్యాంకు తలుపుమీద, డబ్బు తీసుకోవడం కొన్నాళ్ళు ఆపామని కాగితం అంటించారు. జనం ఎగబడ్డారు. షట్టరు సగం దిగి ఉంది. మరదలు అందరికంటే ముందుంది, ఎందుకంటే టైలర్ల సంఘం డబ్బంతా ఆ బ్యాంకులో వేయించింది ఆవిడే. "ఒక్కసారి మేనేజర్ని పిలవండయ్యా" అంటూ షట్టరు అంచు పట్టుకుంది. లోపలి గార్డు షట్టరుని కిందికి లాగాడు. లాగి ఊరుకోలేదు. మళ్ళీ లేవకుండా అడుగుపట్టీమీద బూటుకాలేసి నిలబడ్డాడు. ఆవిడ అరిచింది. వాడు నిలబడే ఉన్నాడు.

"ఒరేయ్, కాస్త మెల్లగా," అన్నాడు బావ వంటింట్లోంచి వస్తూ. బావకి మందుల షాపుంది. ఎవరితోనైనా జ్వరం వచ్చినవాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడతాడు. "పోలీసులకి చెప్పాను. వస్తున్నారు. నువ్వు ముందు కూర్చో, నీళ్ళు తాగు."

"వచ్చి ఎవర్ని కొడతారు బావా? షట్టరుమీద కాలు పెట్టినవాణ్ణా? కింద చెయ్యి ఉన్నవాళ్ళనా?"

బావ నీళ్ళసీసా బల్లమీద పెట్టేశాడు.

తమ్ముడు అక్క ముందుకొచ్చి నిలబడ్డాడు. ఇప్పుడు గొంతు తగ్గింది. అరిచినప్పటికంటే అదే భయంగా ఉంది.

"రెండు నెలల కిందట ఈ వంటింట్లోనే నిన్నడిగింది. 'వదినా, మా సంఘం డబ్బు పట్టణ బ్యాంకులో వేద్దామనుకుంటున్నాం, వెయ్యొచ్చా?' అంది. నువ్వేమన్నావ్?"

అక్క మెడలోని కార్డుని గుప్పిట్లో పట్టుకుంది.

"అడుగుతున్నా కదా. ఏమన్నావ్?"

"నన్నడక్కు అన్నాను."

"వద్దు అనలేదు."

"అనకూడదురా. తనిఖీలో చూసింది ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పకూడదు. ఉద్యోగం సంగతి వదిలెయ్. ఒక బ్యాంకు బాగాలేదని నేను నీకు చెప్తే, నువ్వు పక్కవాడికి చెప్తావు. సాయంత్రానికి ఊరంతా దాని ముందుంటుంది. మర్నాడు పక్క బ్యాంకు ముందుంటుంది. అందరూ ఒకేసారి అడిగితే మంచి బ్యాంకు కూడా నిలబడదు. అందుకే ఆ నియమం."

"మంచి బ్యాంకు పడిపోతుందని కుళ్ళిన బ్యాంకుకి మమ్మల్ని మేతేశారు. అంతేగా?"

"అది కాదు..."

"అదే! అది ఇక్కణ్ణించి నవ్వుకుంటూ వెళ్ళింది, తెలుసా? వెళ్ళి సంఘంలో ఆడవాళ్ళందరికీ చెప్పింది. 'మా వదిన వద్దనలేదు. బాగోకపోతే సొంత మరదలికి చెప్పదా?' అని. నువ్వు నోరు మూసుకున్నావు. దాన్నే అది అవుననుకుంది!"

అందులో మరదలి తప్పుందనేవాడు ముందు తన ఇంట్లో అలాంటి ఆడపడుచుని పెట్టుకుని చూడాలి. బ్యాంకుకి లైసెన్సు ఇచ్చేది కేంద్ర బ్యాంకు. లెక్కలు తీసేది అదే. డిపాజిట్లు తీసుకోవద్దని ఆపగలిగేదీ, చైర్మన్‌ని కుర్చీలోంచి దింపగలిగేదీ, తలుపుకి సీలు వెయ్యగలిగేదీ అదే. ఇన్ని అధికారాలున్న చోట పనిచేసే మనిషి ఇంట్లోనే ఉంటే, టైలరు ఇంకెవర్ని అడగాలి? చిలకజోస్యం వాణ్ణా?

బయట గేటు గొళ్ళెం ఊగింది. ఎవరో కర్రతో కొడుతున్నారు. ఒక్కో దెబ్బకీ అమ్మ భుజాలు అదిరిపడుతున్నాయి.

తమ్ముడు ఉన్నట్టుండి బావవైపు తిరిగాడు.

"నీ షాపు డబ్బు కూడా ఆ బ్యాంకులోనే కదా బావా. నాకంటే నీదే ఎక్కువ. నువ్వేంటి ఇంత నిమ్మళంగా ఉన్నావ్?"

"నేనా? ఏడిస్తే వస్తుందా..."

"షాపులో చిల్లర రూపాయి తక్కువైతే రాత్రంతా నిద్రపోవు నువ్వు. ఇవాళ నీళ్ళసీసాలు పంచుతున్నావ్."

బావ చేతులు తుడుచుకున్నాడు. తడేమీ లేదు.

"చెప్పండి బాబూ," అంది అమ్మ. అంతసేపటికి ఆవిడ నోరు విప్పడం అదే మొదలు. "కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఇప్పుడు దాని వేళ్ళు పడ్డాయి. చెప్పెయ్యండి."

"నేను... తీసేశానురా."

"ఎప్పుడు?"

"నాలుగు నెలల్నుంచీ. కొద్దికొద్దిగా. మొత్తం ఒకేసారి తీస్తే ఎవరికైనా అనుమానం వస్తుందని..."

తమ్ముడు అక్కవైపు చూశాడు. ఆ చూపు మనిషి పైనున్న తోలు ఒలిచేలా ఉంది. "మొగుడికి చెప్పావన్నమాట."

"లేదు!" అన్నాడు బావ. "ఒట్టు. ఒక్క ముక్క అనలేదు. దాన్నేమీ అనకు. అది చెప్పలేదు, నేనే గ్రహించాను."

"ఎలా గ్రహించావ్? సోది అడిగావా?"

బావ వంటింటివైపు చూపించాడు. అక్కడ స్టవ్ పైన గోడకి మేకు ఉంది. మేకు కింద, నూనెమసి పట్టిన గోడమీద, నలుచదరంగా తెల్లటి చోటు. ఏళ్ళతరబడి అక్కడ పట్టణ బ్యాంకు క్యాలెండరు వేలాడేది. ప్రతి ఏడూ బ్యాంకువాళ్ళు ఇచ్చేవారు, ప్రతి ఏడూ అమ్మ పాతది తీసి కొత్తది తగిలించేది. పాలవాడి లెక్క దానిమీదే, గ్యాసు వచ్చిన తేదీ దానిమీదే.

"ఒకరోజు మీ అక్క ఆఫీసునుంచి వచ్చింది. చెప్పులైనా విప్పలేదు. తిన్నగా వంటింట్లోకెళ్ళి ఆ క్యాలెండరు పీకేసింది. ఏడాది సగం కూడా కాలేదు. కొత్తది తేలేదు. నేనడగలేదు. ఇన్నేళ్ళ కాపురంరా. మీ అక్క మాట్లాడకపోతే ఏం మాట్లాడుతోందో నాకు తెలుసు. మర్నాడే చెక్కు రాశాను."

తమ్ముడు ఆ మేకుని చాలాసేపు చూశాడు.

"మా ఆవిడ అడిగిన రోజు, ఆ మేకు అప్పటికే ఖాళీగా ఉంది."

"ఉంది."

"నువ్వూ ఇంట్లోనే ఉన్నావ్."

"ఉన్నాను."

"అక్కకి ఉద్యోగం అడ్డొచ్చింది. ఒట్టు అడ్డొచ్చింది. నీకేం అడ్డొచ్చింది బావా?"

"చెప్తే మీ అక్క మీదికి వచ్చేదిరా! ఎంక్వయిరీ అనేవాళ్ళు, ఇంట్లో చెప్పిందనేవాళ్ళు..."

"డబ్బు తీసుకోడానికి లేని ఎంక్వయిరీ చెప్పడానికొచ్చిందా!"

ఆ మాటతోనే తమ్ముడి చెయ్యి లేచింది. కాలర్ పట్టుకుని వంటింట్లోకి ఈడ్చుకుపోయాడు. ఇనుము వంచే చేతులవి. బావ తల గోడకి కొట్టుకున్న చప్పుడు ముందుగదిలోకి వినిపించింది. రెండోసారి తలకి బదులు చెంప తగిలింది, మేకు తగిలింది. చెవి దగ్గర్నుంచి దవడ దాకా చీరుకుపోయింది. బావ అరవలేదు. చేతికందిన స్టూలు ఎత్తి తమ్ముడి మోకాలిమీద బాదాడు. ఇద్దరూ కింద పడ్డారు. గిన్నెలు దొర్లాయి. ఎవరి నెత్తురు ఎవరిదో తెలియకుండా పోయింది.

"మొగుడి కళ్ళముందు పెట్టావు! దానికి కనపడకుండా పెట్టావు!" తమ్ముడి పిడికిలి దిగుతూనే ఉంది. అది బావకి తగులుతోంది కానీ మాట అక్కకి.

"వదలరా! చచ్చిపోతాడు!" అక్క తమ్ముడి వీపుమీద పడింది. మోచేత్తో విదిలించాడు. ఆమె వెళ్ళి తలుపు చట్రానికి తగిలింది.

అప్పుడు అమ్మ లేచింది. ఒళ్ళోంచి గాజుపెంకులు గలగలా రాలాయి. వాటిమీదుగానే నడిచి వచ్చింది. కొడుకు దగ్గరికి వెళ్ళలేదు. అల్లుడి దగ్గరికి వెళ్ళలేదు. కూతురి ముందు నిలబడి, చెంప ఛెళ్ళుమనిపించింది.

ఇద్దరు మగాళ్ళూ ఆగిపోయారు.

"వాళ్ళిద్దరూ కొట్టుకు చస్తున్నది నీ నోట్లో ఉన్న మాట కోసం," అంది అమ్మ. "ఊసెయ్. ఆ క్యాలెండరు ఎందుకు పీకావు? ఏం చూశావు అక్కడ?"

అక్క చెంప పట్టుకోలేదు. "నా నెత్తురు చూశాను," అంది.

గేటుమీద కర్ర దెబ్బలు పడుతూనే ఉన్నాయి.

"నాలుగు బ్రాంచీల్లోనూ నగదు లెక్కపెట్టడానికి వెళ్ళాం. ఒక్కరోజులోనే నాలుగూ చుట్టెయ్యాలని మా డిప్యూటీ పట్టుబట్టాడు. రోజుకొకటి చూస్తే ఒకచోట డబ్బు ఇంకోచోటికి మార్చి చూపిస్తారు కదా. మొదటిది స్టేషన్ బ్రాంచి. కట్టలు విప్పుతుంటే పిన్ను గుచ్చుకుని వేలు తెగింది. ఒక నోటు అంచుకి నెత్తురు అంటింది. తుడిచాను, పోలేదు. అక్కణ్ణించి తిన్నగా, ఎక్కడా ఆగకుండా, కాలేజీ బ్రాంచికి వెళ్ళాం. తర్వాత మిల్లు బ్రాంచి. అక్కడ లెక్కపెడుతుంటే ఆ నోటు మళ్ళీ నా చేతికొచ్చింది."

"అదే నోటా?" అన్నాడు బావ నేలమీదినుంచే, దవడ పట్టుకుని.

"నా వేలిముద్ర నాకు తెలియదా? ఇంకా ఎర్రగానే ఉంది. ఊరంతటికీ ఉన్నది ఒక్క బ్రాంచి డబ్బు. దాన్నే నాలుగుచోట్లా చూపించారు. మిగతాదంతా చైర్మన్ తన కొడుకులకీ, అల్లుళ్ళకీ, లేని కంపెనీలకీ అప్పులిచ్చి మింగేశాడు."

"రాశావా?"

"ఆ సాయంత్రమే రాసిచ్చాను. డిప్యూటీ చదివాడు. చదివి సొరుగులో పెట్టాడు. 'ఇప్పుడు బయటపెడితే జనం పరిగెడతారు, మెల్లగా సరిచేద్దాం' అన్నాడు. పైగా ఒక ప్రశ్న వేశాడు. 'మనం ఎక్కడా ఆగలేదు కదమ్మా. మనకంటే ముందు ఆ డబ్బు మిల్లు బ్రాంచికి ఎలా చేరింది? రెక్కలొచ్చాయా?' అన్నాడు. నాలుగు నెలలుగా అదే ఆలోచిస్తున్నాను. మాకంటే ముందు ఏ బండీ వెళ్ళలేదు. మేం వెళ్ళింది..."

"దేంట్లో వెళ్ళారు?" అన్నాడు తమ్ముడు.

"బ్యాంకు వ్యాన్‌లో. మా జీపు రిపేరుకొస్తే వాళ్ళే పంపారు. ఎప్పుడూ అంతే, వెళ్ళినచోట వాళ్ళే బండి పెడతారు, వాళ్ళే భోజనం పెడతారు."

"నీలం వ్యానా? హారన్‌గాడు నడిపేదా?"

"అవును. ఏం?"

తమ్ముడు బావ కాలర్ వదిలేశాడు. గోడకి జారగిలబడ్డాడు. చేతులు రెండూ ముందు పెట్టుకుని వాటిని చూసుకున్నాడు. ఇందాకటినుంచీ కొట్టినవి, అంతకుముందు పెళ్ళాం తెగిన చెయ్యి పట్టుకున్నవి.

"వెనకసీటు ఎత్తుగా ఉండేదా?"

అక్క ఆలోచించింది. "ఉండేది. కాళ్ళు నేలకి ఆనేవి కావు. డిప్యూటీ జోకేశాడు కూడా, 'చిన్నపిల్లల్లా ఊపుకుంటూ పోతున్నాం' అని."

"ఆ సీటు కింద పెట్టె నేనే చేశాను."

బావ దవడమీది చెయ్యి తీసి అతనివైపు తిరిగాడు.

"మూడు మిల్లీమీటర్ల రేకు. సీటుకి మడతబందులు, పక్కన చిన్న గొళ్ళెం. పనిముట్లు పెట్టుకోడానికన్నాడు హారన్. పనిముట్లకి ఇంత పెట్టా అన్నాను. 'నీకెందుకురా, అడిగినంత ఇస్తున్నానుగా' అన్నాడు. అతుకు కనపడకుండా రుద్ది, రంగు వేసి మరీ ఇచ్చాను. ఎంత బాగా చేశానో పదిమందికి చెప్పుకున్నాను. నువ్వు దానిమీద కూర్చుని వెళ్ళావక్కా. ఆ డబ్బుని మోసుకెళ్ళింది మీరే."

కంచే చేను మేస్తుందని సామెత. ఈ కంచె మెయ్యలేదు. దొంగగొడ్డుని వీపున ఎక్కించుకుని ఒక్కో చేనూ తిప్పింది.

అప్పుడే ఫోన్ మోగింది. డిప్యూటీ. అక్క స్పీకర్ నొక్కి ఫోన్ నేలమీద, నలుగురి మధ్యా పెట్టింది.

"ఇంట్లోనే ఉన్నావా అమ్మా? ఉండు. బయటికి రాకు, ఎవరితోనూ మాట్లాడకు. మార్కెట్ బ్రాంచిలో ఇప్పుడే లెక్క పూర్తయింది. పైసాతో సహా సరిపోయింది! 'డిపాజిటర్లు కంగారు పడనవసరం లేదు' అని ప్రకటన రాయించాను. మిగతా మూడూ చూసేసి సాయంత్రం వదులుతాం."

"ఎలా వెళ్తున్నారు సార్?"

"ఎలా ఏంటి? గొడవల్లో మన జీపు రానివ్వలేదు. బ్యాంకువాళ్ళే వ్యాన్ ఇచ్చారు."

తమ్ముడి నోట్లోంచి నవ్వులాంటిదేదో వచ్చింది. అది నవ్వు కాదు.

"సార్, ఆ వ్యాన్ ఎక్కకండి. సీటు కింద పెట్టె ఉంది. డబ్బు అందులోనే తిరుగుతోంది. నాలుగు బ్రాంచీలకీ ఒకే గంటలో సీలు వెయ్యండి. ఆ అధికారం మనకుంది."

'ఒక్క నిమిషం' అని అవతల ఎవరికో చెప్పి డిప్యూటీ గొంతు తగ్గించాడు.

"అధికారం ఉండటం వేరమ్మా, వాడటం వేరు. సీలు వెయ్యాలంటే బోర్డు సంతకం కావాలి. బోర్డు సోమవారం కూర్చుంటుంది."

"ఇవాళ సాయంత్రం బాగుందని చెప్తారు. రేపు జనం చల్లబడి ఇళ్ళకి పోతారు. సోమవారానికి ఆ ఒక్క పెట్టె కూడా ఊళ్ళో ఉండదు సార్."

"నువ్వు నోరు విప్పావంటే రేపీపాటికి అన్ని బ్యాంకుల ముందూ ఇదే గొడవ. ఎంతమంది చేతులు తెగుతాయో లెక్కేసుకో. ఆ పాపం నీదే." ఫోన్ పెట్టేశాడు.

ఆ మాటకి అక్క నాలుగు నెలలు భయపడింది. ఇప్పుడూ భయపడుతోంది. అందులో అబద్ధం లేదు మరి, అదే కష్టం. జనం పరిగెడితే చేతులు తెగుతాయి. పరిగెత్తకుండా కళ్ళకి గంతలు కట్టినా తెగాయి.

"తలుపు తియ్యి," అంది తమ్ముడితో.

"చంపేస్తారక్కా నిన్ను."

"నువ్వు ఇందాకటినుంచీ చేస్తున్నదేంటి? తియ్యి."

ఆమె మెట్లమీద నిలబడగానే అరుపులు ఒక్కసారి ఆగాయి. ఆగి, రెండింతలై లేచాయి. రాయి ఎటునుంచి వచ్చిందో తెలియలేదు. కనుబొమ పైన తగిలింది. ఆమె కూలబడి, లేచింది. నెత్తురు కంట్లోకి దిగుతోంది. తుడుచుకోలేదు.

"ఇంకా ఉంటే వెయ్యండి," అంది. "వేసేవాళ్ళు వేస్తూ వినండి. ఆ బ్యాంకులో డబ్బు లేదు. నాకు నాలుగు నెలలుగా తెలుసు. చెప్పలేదు."

"ఇప్పుడొచ్చిందా అమ్మా నోరు!" ముందువరసలో టీకొట్టువాడు అరిచాడు. తలకి కట్టు కట్టుకుని ఉన్నాడు. "నాలుగు నెలలూ ఏం పెట్టుకున్నావ్ అందులో, లాలీపాపా?"

ఎవరో నవ్వారు. ఆ నవ్వు రాయికంటే గట్టిగా తగిలింది.

"నిన్నెందుకు నమ్మాలి?" అని ఒక ముసలాయన.

"నమ్మకండి!" తమ్ముడు గేటెక్కాడు. "అక్కని నమ్మకండి, నన్నూ నమ్మకండి. దొంగపెట్టె చేసింది నేనే. కళ్ళతో చూడండి. వ్యాన్ ఎప్పుడూ ఆగేది మార్కెట్ బ్రాంచి వెనకసందులోనే. కదిలిందా, మన పని అయిపోయినట్టే!"

"మూడు బ్రాంచీల దగ్గరికీ మనుషులు వెళ్ళండి," అంది అక్క. "లోపలికి ఎగబడకండి, షట్టర్లు పట్టుకోకండి. గేటుకి అడ్డంగా కూర్చోండి. ఏ బండీ రానివ్వొద్దు, పోనివ్వొద్దు. మిగతావాళ్ళు నాతో రండి."

ఎవరు ముందు కదిలారో తెలియదు. టీకొట్టువాడు చేతిలో రాయి పారేశాడు. కాసేపాగి, ఎందుకైనా మంచిదని మళ్ళీ తీసి జేబులో వేసుకున్నాడు. బావ చెంపకి గుడ్డ అదుముకుని, ఎవరూ పిలవకుండానే, వెనకాల నడిచాడు.

మార్కెట్ బ్రాంచి వెనకసందు ఇరుకు. నీలం వ్యాన్ ఇంజను ఆడుతోంది. స్టీరింగు ముందు హారన్. జనాన్ని చూసి తన పేరు నిలబెట్టుకున్నాడు, హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యలేదు. పొద్దుటి గార్డే తుపాకి తిరగేసి పరిగెత్తుకొచ్చాడు. వాడి బూటు అంచున ఇంకా మరక ఉంది. తమ్ముడు ఆ బూటు చూశాడు. అంతే. తుపాకి మడమ అతని భుజాన్ని పగలగొట్టింది, అయినా అతను ఆగలేదు. ఇద్దరూ కాలవలో పడ్డారు. చేతికున్న బలమంతా వాడి గొంతుమీద పెట్టాడు.

"ఒరేయ్, వాడు కావాలి! బతికుండాలి! వాణ్ణి నిలబెట్టిందెవరో వాడే చెప్పాలి!" అమ్మ గొంతు. గాజు గుచ్చుకున్న కాళ్ళతో ఎప్పుడు నడిచొచ్చిందో. తమ్ముడి వేళ్ళు వదలలేదు. బిగియనూ లేదు.

వ్యాన్ గుర్రుమని ముందుకు దూకింది. అక్క దాని ముందు నిలబడింది. బంపరు ఆమె మోకాళ్ళకి కొట్టి ఆగింది. రెండు చేతులూ బానెట్‌మీద ఆనించింది. ఇనుము కాలిపోతోంది. నుదుటి నెత్తురు దానిమీద చుక్కలుగా పడుతోంది.

అద్దంలోంచి కనపడుతున్నారు. వెనకసీటులో డిప్యూటీ. అటొకడూ ఇటొకడూ కుర్ర ఆఫీసర్లు, ఒళ్ళో ఫైళ్ళు. ముగ్గురి కాళ్ళూ నేలకి ఆనడం లేదు. గాల్లో ఊగుతున్నాయి.

ఆమె పక్కకి వచ్చి తలుపు లాగింది. ఊడినంత పనైంది.

"నీకు పిచ్చెక్కిందా?" అన్నాడు డిప్యూటీ. "ఏ అధికారంతో ఆపావు బండిని? ఆర్డరేదీ? పక్కకి జరుగు. సోమవారం మాట్లాడదాం."

"సోమవారం లేదు," అంది. మెడలో కార్డు తీసి అతని ఒళ్ళో పడేసింది. వెనక జనం ఒక్కో అడుగూ దగ్గరవుతున్నారు. టీకొట్టువాడి చెయ్యి జేబులోకి వెళ్ళింది. కాలవలో గార్డు ఊపిరి కోసం కొట్టుకుంటున్నాడు.

"నాలుగు బ్రాంచీలకీ సీలు, ఇప్పుడే. చైర్మన్ ఊరు దాటకుండా పట్టుకోవాలి, ఇప్పుడే. ఎంత పోయిందో, ఎవరు మింగారో, ఎవరెవరు చూసి ఊరుకున్నారో, నా పేరుతో మొదలుపెట్టి ఈ జనానికి చదివి వినిపించాలి, ఇప్పుడే. సార్, వాటన్నిటికంటే ముందు మీరు ఆ సీటుమీంచి లేవండి."

డిప్యూటీ రెండు చేతులతోనూ సీటు అంచు పట్టుకున్నాడు.

"లేవండి."